బడి ఎవరి రూపాయితో నడుస్తోంది?

రాబర్ట్‌సన్‌పేట పేరే దొర పేరు. మైసూరు సంస్థానంలో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు మీద, కోలారు బంగారు గనుల పక్కన వెలిసిన ఊరిది. గనుల్లోకి దిగడానికి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపుల నుంచి తెలుగువాళ్లు, తమిళులు వచ్చారు. వాళ్లమీద అజమాయిషీకి కార్న్‌వాల్ దొరలు వచ్చారు. వెనకే చర్చీలు, చర్చీ పక్కన బడులు.

నిజానికి మిషనరీలు బంగారం కన్నా ముందు కరువు వెంట వచ్చారు. 1876-78 ధాత కరువులో దిక్కులేని పిల్లల కోసం మిస్ ఆన్‌స్టే అనే మిషనరీ కోలారులో అనాథాశ్రమం నడిపింది. 1890లో అది అమెరికా మెథడిస్టుల చేతికి వెళ్లింది. అక్కడ అన్నమూ అక్షరమూ బైబిలూ ఒకే చేతి మీదుగా అందేవి.

మరి ప్రభుత్వం? చదువుల విధానంపై లండన్ నుంచి వచ్చిన 1854 నాటి వుడ్ తాఖీదు ఒక లౌక్యపు దారి పట్టింది. మిషన్ బడికి గ్రాంటు ఇస్తారు. ఇన్‌స్పెక్టరు వచ్చి లెక్కలు, చదువు చూస్తాడు. బైబిలు పీరియడు జోలికి మాత్రం పోడు. అప్పట్లో మైసూరు కూడా బ్రిటిష్ కమిషనర్ల పాలనలోనే ఉంది కాబట్టి ఆ పద్ధతి ఇక్కడికీ వచ్చింది.

మన రాజ్యాంగంలోని 28వ అధికరణంలోనూ ఆ జమాఖర్చు వాసన తగులుతుంది. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదు. గ్రాంటో గుర్తింపో పొందిన బడిలో ఉండొచ్చు, కానీ పిల్లవాణ్ణి బలవంతాన కూర్చోబెట్టకూడదు. మైనరైతే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. అందరూ కట్టిన పన్నును ఒక మతానికి ఖర్చు పెట్టకూడదన్నది 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో అంబేడ్కర్ చెప్పిన కారణాల్లో ఒకటి. అమెరికాలోనైతే 1962లో సుప్రీంకోర్టు, ఎవరినీ బలవంతపెట్టకపోయినా సరే, సర్కారు బడిలో సర్కారు రాసిచ్చిన ప్రార్థన కుదరదంది. మతానికీ సర్కారుకీ మధ్య మనం గోడ కట్టలేదు, గేటు పెట్టుకున్నాం. కాన్వెంటుల్లో చదివినవాళ్లకు ఆ గేటు బాగా గుర్తు: బెల్లు కొట్టగానే కేథలిక్ పిల్లలు కాటెకిజానికి, మిగతావాళ్లు మోరల్ సైన్సుకి.

చిక్కంతా సర్కారు బడిలోనే. 2022 జనవరిలో ఇదే కోలారు జిల్లా ముళబాగిలులో, ఒక ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాల తరగతి గదిలో ముస్లిం పిల్లలు శుక్రవారం నమాజు చేస్తున్న వీడియో బయటికొచ్చింది. గొడవైంది, విచారణ జరిగింది, ప్రధానోపాధ్యాయురాలు సస్పెండయ్యారు. ఆ గదిలో ఎవరూ ఎవరికీ మతం బోధించలేదు. పిల్లలు తమ ప్రార్థన తాము చేసుకున్నారు. 28వ అధికరణం మాట్లాడేది బోధ గురించీ, బడి నడిపే ఆరాధన గురించీ. అయినా అది సర్కారు గది, బడి వేళ, పెద్దల అనుమతి ఉందా లేదా అన్న రచ్చ. అలాంటి గదుల్లోనే ఏటా సరస్వతీ పూజకు కొబ్బరికాయ కొట్టడమూ ఈ ప్రాంతంలో మామూలే. దాన్ని ఎవరూ వీడియో తీయరు.

రెండు వారాలు తిరక్కుండానే, ఫిబ్రవరి 5న, యూనిఫాంపై కర్ణాటక ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తరగతిలో హిజాబు వేసుకోవచ్చా అన్న ఉడుపి వివాదం హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకెక్కింది. అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు చెప్పారు.