రాయని చీటీ: తాటిపాక ప్రాంతంలో వైద్యుని చట్టబాధ్యతపై ఒక పరిశీలన

వైద్య నిర్లక్ష్యం మీద నేను చదివిన వ్యాసాల్లో చాలావాటిది ఒకటే దారి. 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు, డబ్బు తీసుకుని చేసే వైద్యాన్ని వినియోగదారుల రక్షణ చట్టం కిందికి తెచ్చింది. అప్పటినుంచి డాక్టర్లు భయంతో అక్కర్లేని పరీక్షలు రాస్తున్నారు. కనుక చట్టాన్ని సడలించాలి. దీన్ని ఇక్కడ భయవాదం అంటాను. పట్నంలో పెద్దాసుపత్రి గుమ్మం ముందు నిలబడి చూసినవాళ్ల వాదమిది. కోనసీమలోని తాటిపాక సెంటర్లో నిలబడి చూస్తే నాకు వేరే సంగతి కనబడింది.

తాటిపాకకు తూర్పున బోడసకుర్రు వంతెన దాటితే వైనతేయ అవతల అమలాపురం. పడమట చించినాడ వంతెన దాటితే వశిష్ఠ అవతల పాలకొల్లు, భీమవరం. జ్వరమొచ్చిన మనిషి ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ చేత సూది వేయించుకుంటాడు. తగ్గకపోతే సెంటర్లో నర్సింగ్ హోముకి వస్తాడు. అక్కడా లొంగకపోతే ఏదో ఒక వంతెన దాటతాడు. రోగి చేతులు మారిన ప్రతిచోటా ఒక చీటీ ఉండాలి. నేను చూసిన చీటీల్లో ఎక్కువవాటి మీద ‘జ్వరం, 3 రోజులు’ తప్ప మరో మాట లేదు. ఏ మందు వేశారో, ఎన్ని వేశారో, ఏ వేళ వేశారో లేదు.

ఎందుకు రాయరని ఒక వైద్యుణ్ణి అడిగాను. “ఆ సూది వేసిన మనిషే కదండీ రేపు ఇంకో పేషెంటుని పంపేది! ఆయన సంగతి కాగితమ్మీద పెడితే నా ఓపీ పోద్ది. పెట్టకపోతే కేసులో నేను పోతాను” అన్నారు. వైద్యనీతి గ్రంథాల్లోని సందిగ్ధాలన్నీ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ 2002 నాటి వైద్య మండలి నిబంధనలు నిషేధించాయి. కమీషన్ ఇవ్వని వైద్యుడు కూడా మౌనంతో ఆ బాకీ తీరుస్తున్నాడన్నది గుర్తించాల్సిన విషయం.

ఆ మౌనం ఖరీదెంతో 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన హైదరాబాద్ కేసులో తెలుస్తుంది. 2002 జూలైలో చలిజ్వరంతో ఒక ఇల్లాలు నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో చేరింది. భర్త మలేరియా శాఖలోనే అధికారి. టైఫాయిడ్‌కి వైద్యం చేశారు. పరిస్థితి విషమించి మరో ఆసుపత్రికి మార్చాక ఆమె చనిపోయింది. అసలు జబ్బు మలేరియా అని రెండో ఆసుపత్రి రికార్డు తేల్చింది. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది, జాతీయ కమిషనూ దాన్నే ఖాయపరిచింది. తప్పు కళ్లెదుట కనబడుతుంటే ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని సుప్రీంకోర్టు ఫోరం తీర్పును నిలబెట్టింది. ఇక్కడ నిపుణుడి స్థానంలో నిలిచింది తర్వాతి ఆసుపత్రి కాగితం. మొదటి వైద్యుడు ఏం ఆలోచించాడో, ఏం చేశాడో తన కాగితం చెప్పలేకపోతే, పక్కవాడి కాగితం అతని మీద సాక్ష్యం పలుకుతుంది.

భయవాదులు ఈ తీర్పును చూపించి గుండెలు బాదుకుంటారు గానీ, 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పు గురించి గొంతు తగ్గిస్తారు. వేరొక సమర్థుడైన వైద్యుడి అభిప్రాయం లేనిదే డాక్టరు మీద ప్రైవేటు క్రిమినల్ ఫిర్యాదు తీసుకోరాదని, మామూలుగా అరెస్టు చేయరాదని అందులో ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కూడా, నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఇతరులకు 5 ఏళ్ల వరకు శిక్ష పెట్టి, రిజిస్టర్డ్ వైద్యుడికి 2 ఏళ్లతో ఆపింది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అనిపించుకునే మనిషికి రిజిస్ట్రేషన్ ఉండదు. అర్హత లేని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అతని సూదిని చీటీలో దాచిన డాక్టరు, చట్టం తనకిచ్చిన గొడుగును తానే మడిచేసుకుంటున్నాడు. 2013లో కునాల్ సాహా కేసులో పడిన దాదాపు 6 కోట్ల పరిహారం భయవాదానికి బలమిచ్చే మాట నిజమే.

అయినా, అసలు ముప్పు చట్టంలో కాక రాయని చీటీలో ఉందన్న నా వాదనకు అన్నిటికన్నా పెద్ద ఆధారం తాటిపాక పక్కనే ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. కాలిన మనుషుల్ని అమలాపురం, కాకినాడ ఆసుపత్రులకు తరలించారు. ముందు ప్రాణం, తర్వాతే పోలీసు కాగితాలు అని 1989లో పరమానంద్ కటారా కేసులో వచ్చిన తీర్పు, అలాంటి ఉదయాన చెయ్యి వేసిన ప్రతి వైద్యుడికీ అండ. అయితే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం కాలిన రోగికి 24 గంటల్లో ఎక్కించాల్సిన ద్రవంలో సగం మొదటి 8 గంటల్లోనే వెళ్లాలి. ఆ 8 గంటలు ఆసుపత్రిలో చేరిన వేళనుంచి కాక, ఒళ్లు కాలిన వేళనుంచి మొదలవుతాయి. దారిలో ఎంత సెలైన్ ఎక్కిందో చీటీ మీద లేకపోతే తర్వాతి డాక్టరు గుడ్డిగా లెక్క కట్టాలి. రోగి ప్రాణాన్నీ వైద్యుడి పరువునూ కాపాడేది ఆ ఒక్క అంకే. కోనసీమలోనే కాదు, తెలుగు నేల మీద ఎక్కడైనా వైద్య నిర్లక్ష్యపు కేసుకు పునాది ఆపరేషన్ బల్ల దగ్గర పడదు, చీటీ రాసే బల్ల దగ్గర పడుతుందని నా నిశ్చయం.

రికార్డులు 3 ఏళ్లు ఉంచితే చాలని 2002 నిబంధన. ఆ లెక్కన నగరం క్షతగాత్రుల కాగితాలను దాచాల్సిన గడువు 2017తోనే తీరింది. రాజోలు, అమలాపురం ప్రాంత వైద్యులెవరి బీరువాలోనైనా ఆనాటి చీటీలు ఇంకా ఉంటే, రోగుల పేర్లు కొట్టేసి పరిశోధకులకు చూపించమని కోరుతున్నాను.