దిగుమతి సుంకం అంచనా (అమీర్‌పేట, పంజాగుట్ట)

విదేశాల నుంచి వచ్చే సరుకుపై కట్టాల్సిన కస్టమ్స్ సుంకాన్ని, ఐజీఎస్టీని (సమీకృత జీఎస్టీ) ముందుగా లెక్కగట్టుకోవడం. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సు చేసి అమెరికా వెళ్లిన పిల్లలు పంపే పార్సెళ్ల పుణ్యమా అని ఇక్కడి ఇళ్లకు ఇది పరిచయమైన లెక్కే. పంజాగుట్ట చిరునామాకు వచ్చే పెట్టె అయినా సుంకం తేలేది అది దేశంలో దిగిన చోట: శంషాబాద్ కావచ్చు, ముంబై కావచ్చు.

లెక్కకు మూలం బిల్లు ధర ఒక్కటే కాదు. రవాణా, బీమా కూడా కలపాలి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. అలా కలిపిన విలువ రూ.10,000, బేసిక్ సుంకం 10 శాతం అనుకుందాం. సుంకం రూ.1,000, దానిపై 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి రూ.100, మొత్తం రూ.11,100పై 18 శాతం ఐజీఎస్టీ రూ.1,998. వెరసి రూ.3,098. పన్ను మీద పన్నన్నమాట! కొరియర్ సంస్థల రుసుము వేరు.

2017 జూలై 1కి ముందు ఐజీఎస్టీ స్థానంలో అదనపు సుంకాలు ఉండేవి. రూ.5,000 లోపు కానుకలకున్న మినహాయింపు 2019 డిసెంబరులో పోయింది. రాఖీకి, ప్రాణరక్షక మందులకు మాత్రం మిగిలింది. రాఖీతో పాటు పెట్టిన చాక్లెట్లకు వర్తించదు. వయోజనులు ప్రయాణంలో వెంట తెచ్చుకునే ఒక ల్యాప్‌టాప్‌కు సుంకం లేదు; అదే పార్సెల్‌లో వస్తే ఐజీఎస్టీ తప్పదు.