సెప్టెంబరు మాసములో మూడు దినములు

క్రిస్మసు, ఈస్టరు వంటి పెద్ద పండుగ ఏదియు సెప్టెంబరు మాసములో లేదు. అయినను పెద్దవంగర, తొర్రూరు, కొడకండ్ల, పాలకుర్తి ప్రాంతములలోని మన సంఘస్థులు ఈ మాసములో మూడు దినములను జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

మొదటిది 1947 సెప్టెంబరు 27. ఆ దినమున మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రలులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘములు కలిసి ఒకే దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినవి. 1919 మే నెలలో తరంగంబాడిలో జరిగిన సమావేశము దీనికి పునాది. ఆ సమావేశములో ముఖ్యులు దోర్నకల్ మొదటి బిషప్పు వి.ఎస్. అజరయ్యగారు. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన ఆయన ఆ ఐక్యతను కన్నులార చూడకయే 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి.

ఇచ్చట ఒక విశేషము గమనింపవలెను. అప్పటికి మద్రాసు స్వతంత్ర భారతములోనిది. దోర్నకల్ నైజాము సంస్థానములోనిది. అనగా మన నేల దేశములో కలియుటకు ఏడాది ముందే మన సంఘము సరిహద్దు ఆవలివారితో ఒకటైనది.

రెండవది 1948 సెప్టెంబరు 17. ఆ నెల 13న భారత సైన్యము సంస్థానములో ప్రవేశించినది. 17న నైజాము కాల్పుల విరమణ ప్రకటించెను. వెట్టిచాకిరి, దేశముఖుల దౌర్జన్యము, రజాకార్ల దాడులు అనుభవించిన పల్లెలకు అది విడుదల దినము. అయితే ఆ రోజులలోనే సంస్థానములో అనేక చోట్ల నిరపరాధులైన ముస్లింలు హతులైరి. పండిత సుందర్‌లాల్ కమిటీ వారి సంఖ్యను 27 వేల నుండి 40 వేల వరకు అంచనా వేసినది. మన విడుదలను తలచుకొను దినమున పొరుగువారి దుఃఖమును మరచుట మనకు తగదు.

మూడవది 1985 సెప్టెంబరు 10, పాలకుర్తిలో చాకలి ఐలమ్మగారు కన్నుమూసిన దినము. ఆమె కౌలుకు చేసిన పొలములోని పంటను విసునూరు దేశముఖు మనుష్యులు కోసికొనిపోవచ్చినప్పుడు ఆమె ఎదిరించి నిలిచినది. ఆంధ్ర మహాసభ వారు అండగా రాగా పంట ఆమె ఇంటికే చేరినది. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయము నేడు ఆమె పేరు ధరించియున్నది.

ఆంధ్ర మహాసభను ఆనాటి పల్లె ప్రజలు ‘సంఘము’ అనియే పిలిచిరి. మనము ఆరాధనకు కూడుకొను సమాజమునకును అదే పేరు. రెండును ఒకటని మేము చెప్పుట లేదు. కాని ఒంటరివానికి తోడు నిలువని కూడిక ఏదియు ఆ పేరునకు తగదని ఈ ప్రాంత చరిత్ర మనకు నేర్పుచున్నది.

1948ని కన్నులార చూచినవారు నేడు ఎనుబది ఏండ్లు దాటిన వృద్ధులు. వారు పోయిన తరువాత అడుగుటకు ఎవరును ఉండరు. కావున ప్రతి సంఘములోను యౌవనస్థులు ఈ సెప్టెంబరులోనే వారి యొద్ద కూర్చుండి, వారు చెప్పిన సంగతులను ఒక పుస్తకములో వ్రాసి సంఘ రిజిష్టర్లతో పాటు భద్రపరచవలెనని మా మనవి.