దరువుకు కాగితం ఏది?

ఈ భాగంలో చిన్న ప్రశ్న ఒకటి. పరిశోధన వ్యాసంలో పద్యాన్ని ఉదహరించడం మనకు తెలుసు. సంగీతాన్ని ఉదహరించడం ఎలా? మార్కాపురం, గిద్దలూరు వైపు పిల్లలు జానపదం మీద థీసిస్ రాస్తామని వచ్చినప్పుడల్లా నేను ముందు అడిగేది ఇదే. పాట మాటలు తెస్తారు. దరువు తేరు.

ముత్తుస్వామి దీక్షితుల కృతి మీద రాసేవాళ్ళకు ఈ ఇబ్బంది లేదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెచ్చిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలోనే ఉంది. స్వరాలు, తాళం, గమకాలకు వేరే గుర్తులు, అన్నీ ఉన్నాయి. అంతకుముందే 1890ల్లో మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ కీర్తనలను యూరప్ వాళ్ళ స్టాఫ్ నొటేషన్‌లో అచ్చు వేశాడు. ఇవాళ ‘ప్రదర్శిని’ ఇంటర్నెట్‌లో ఉచితం. కావలసిన నాలుగు ఆవర్తాలు తీసుకుని, కింద పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పేజీ రాస్తే చాలు. సుబ్బరామ దీక్షితులు 1906లో పోయారు. మన చట్టంలో రచయిత పోయిన 60 ఏళ్ళకు హక్కు తీరిపోతుంది. ఇంకా హక్కు ఉన్న పుస్తకం నుంచైనా పరిశోధనకు, విమర్శకు అవసరమైనంత భాగం వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది.

ఇప్పుడు డప్పు కోసం వెతకండి. ఫొటోలు దొరుకుతాయి, వీడియోలు దొరుకుతాయి. పేజీ నంబరు వేసి చూపించగల దరువు నేను వెతికినంతలో దొరకలేదు.

ఒక సదస్సులో ఒక పెద్దాయన దీనికి సమాధానం చెప్పేశారు: “డప్పు అనుభవం కదమ్మా, దానికి లిపి ఎందుకు?” వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ అన్నమయ్య పాటకు కూడా లిపిలో స్వరం లేదు. తిరుమల రాగి రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి విద్వాంసులతో దేవస్థానం బాణీలు కట్టించి, స్వరాలతో అచ్చు వేయించింది. అక్కడ ఎవరూ “అనుభవం” అని ఊరుకోలేదు. డబ్బు పెట్టారు, మనిషిని పెట్టారు, ప్రెస్సు పెట్టారు. కాగితం ఆకాశం నుంచి ఊడిపడదు.

మన వైపు కథ వేరు. కంభం చెరువును నింపే గుండ్లకమ్మలోనే, దిగువన, 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఒంగోలు క్లౌ దొర కాలం అది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళ చేతికి కీర్తనల పుస్తకం వచ్చింది. పాటల మీద రాగం, తాళం పేర్లు అచ్చు. డప్పు మాత్రం ఆ పుస్తకంలోకి రాలేదు. ఊరి జాతరలో ఇక కొట్టం అన్నందుకు మనవాళ్ళు ఊరి పెద్దల కోపానికి గురయ్యారు. వెట్టి డప్పు కింద పెట్టడం ఆనాటి ఆత్మగౌరవం. 1994 జులై 7న ప్రకాశం జిల్లాలోనే ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు అదే డప్పును భుజానికెత్తుకోవడమూ ఆత్మగౌరవమే.

1994కు ఇంకో సంగతి ఉంది. అప్పటిదాకా మన కాపీరైట్ చట్టం ప్రకారం ‘సంగీత కృతి’ అంటే అచ్చయినదో, రాతలో పెట్టినదో మాత్రమే. రాయని సంగీతం చట్టం లెక్కలో సంగీత కృతి కాదు! ఆ ఏడాది సవరణతో ఆ షరతు పోయింది. వాయించేవాళ్ళకు ‘ప్రదర్శకుల హక్కు’ కూడా వచ్చింది. ఆ నిర్వచనంలో సంగీతకారుడి పక్కనే పాములాడించేవాడు, ఉపన్యాసం ఇచ్చేవాడు కూడా ఉన్నారు. అంటే లెక్చరర్‌నైన నేనూ, డప్పు వాయించే మా మామా చట్టంలో ఒకే వరసలో ఉన్నాం. ఊళ్ళో ఆ వరస ఇంకా రాలేదు.

కాబట్టి కాగితం మనమే తయారు చేసుకోవాలి. నా విద్యార్థులకు చెప్పేది ఇది. వాయించే మనిషిని అడిగి, ఒప్పుకున్నాకే రికార్డు చేయండి. దరువును నోటితో పలకమనండి. ఆ పలుకులు ఆయన అన్నట్టే తెలుగులో రాయండి. తర్వాత మ్యూజ్‌స్కోర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు గీతలు చాలు: కింది గీత మీద కుడిచేతి సిర్ర, పై గీత మీద ఎడమచేతి సిటికెన పుల్ల. వేగం రాయండి. అది చావు దరువా, పెళ్ళి దరువా, చాటింపా రాయండి. బొమ్మ కింద ఆయన ఒప్పుకుంటే పేరు, ఊరు, తేదీ ఉండాలి. “ఒక కళాకారుడు” అని రాయొద్దు. దీక్షితులకు పేరుంది, మామకూ ఉంది.

ఇంకో జాగ్రత్త. లెక్క కుదిరింది కదా అని “ఇది ఆదితాళంలో ఒక రకం” అని రాయకండి. ఆ ఒక్క వాక్యంతో డప్పు మళ్ళీ ఎవరి అరుగు కిందో నిలబడుతుంది. మంట దగ్గర కాచిన చర్మం మోత ఏ గీతలోనూ పట్టదు, నిజమే. అందుకే నొటేషన్ పక్కన ఆడియో లింకు కూడా పెట్టండి. పాత రికార్డులు వెతికేవాళ్ళు ‘కర్నూలు’ అని కూడా వెతకండి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ఆ జిల్లావే.

డప్పుకు ‘పలక’ అని ఇంకో పేరుంది. బడిపిల్లలు అక్షరాలు దిద్దుకునే రాతిపలకలకు మార్కాపురం పేరుపొందిన ఊరు. ఇన్నాళ్ళూ ఒక పలక మీద రాశారు, ఇంకో పలకను కొట్టించుకున్నారు. ఈ రెండో పలక చెప్పేది ఇక థీసిస్ పేజీలో, నంబరు వేసిన బొమ్మగా కనిపించాలి. మీ ఊళ్ళో దరువు తెలిసిన పెద్దలుంటే ఈ ఆదివారమే వెళ్ళి కూర్చోండి. ఆయన తర్వాత అడగడానికి ఎవరూ ఉండకపోవచ్చు.

జై భీమ్.