రొయ్య కంటికాడలో చక్కెర పగ్గాలు

సఖినేటిపల్లి నుంచి కాట్రేనికోన దాకా కోనసీమ తీర మండలాల్లో రొయ్యల చెరువులు బారులు తీరి ఉంటాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు పైకి తేలతాయి. రైతు ఏరేటర్ల దగ్గరికి పరుగు తీస్తాడు. కంటికి కనబడని మార్పు మరొకటి అదే వేళ జరుగుతుంది: రొయ్య రక్తంలో చక్కెర పెరుగుతుంది. పెంచేది దాని కంటికాడలో, అంటే కన్నును మోసే కాడలో, తయారయ్యే హార్మోను.

ఒంట్లో చక్కెరను హార్మోన్లు నడిపిస్తాయన్న ఎరుకకు బాట వేసినవి కుక్కలు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం నుంచి తీసిన సారంతో అలాంటి కుక్కల చక్కెరను దించారు. అదే ఇన్సులిన్. మరుసటి ఏడే వారి సహచరుడు మాక్లియోడ్ దాన్ని చేపల నుంచీ తీశాడు. కొన్ని చేపల్లో ఇన్సులిన్ కణాలు క్లోమంలో చెదిరిపోకుండా విడిగా ముద్దకట్టి ఉండటం ఆయనకు కలిసివచ్చింది. 1923లో చక్కెరను పెంచే గ్లూకగాన్ బయటపడింది. పిట్యూటరీ గ్రంథికీ ఇందులో చేయి ఉందని అర్జెంటీనా శాస్త్రవేత్త హుస్సే నిరూపించి, 1947లో నోబెల్ అందుకున్నాడు.

మరి క్లోమం లేని రొయ్య సంగతి?

1944లో అబ్రమోవిట్జ్ బృందం కంటికాడల సారాన్ని రొయ్యల బంధువులైన పీతలకు ఎక్కించి చూసింది. చక్కెర పెరిగింది. ఆ హార్మోనులో 72 అమైనో ఆమ్లాలున్నాయని 1989లో తేలింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆర్. రామమూర్తి, పి. శ్రీనివాసులు రెడ్డి వంటివారు వరిపొలాల్లో తిరిగే మంచినీటి పీత మీద ఈ పరిశోధనను ముందుకు తీసుకెళ్లారు. మెదడు, నరాల రసాయనాలు కొన్ని ఈ కంటికాడ హార్మోను ద్వారానే పీత చక్కెరను పెంచుతాయని వారి ప్రయోగాలు సూచించాయి.

ఆ కాడలోనే అండాల ఎదుగుదలను ఆపే హార్మోను కూడా ఉంటుంది. కాడ తీసేస్తే అండాశయం పెరుగుతుందని 1943లో శాస్త్రవేత్త పనూజ్ చూపాడు. టైగర్ రొయ్య కాలం నుంచి హేచరీలు తల్లి రొయ్యకు ఒక కంటికాడ కత్తిరించడానికి ఆధారం ఇదే. 2009లో మన దేశంలో అనుమతి పొందిన వనామీ రొయ్యకీ ఆ పద్ధతి వచ్చింది. అయితే కత్తిరింపుతో పోయేది అండాలను ఆపే హార్మోను ఒక్కటే కాదు. చక్కెరను, కుబుసం విడిచే వేళను నడిపించేవీ తగ్గిపోతాయి. పిల్లల కోసం తల్లి ఒంటిని ఇంతగా కుదేలు చేయడం తగదు. మంచి మేత, నీరు, వెలుతురుతోనే తల్లి రొయ్యలను పక్వానికి తెచ్చే పద్ధతులను హేచరీలు అలవరచుకోవాలి. పిల్ల కొనే కోనసీమ రైతులు కూడా ఆ మాట గట్టిగా అడగాలి.