కరోనా తాళంచెవి ప్రోస్టేట్ దగ్గర దొరికిందా?

2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో కరోనా లెక్కలు చూసినవాళ్ళకి ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించేది. చైనాలో చూసినా, ఇటలీలో చూసినా పోతున్నవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. "సిగరెట్లు తాగుతారు కదా" అన్నారు కొందరు. "చేతులు కడుక్కోరు కదా" అన్నారు ఇంకొందరు (అదీ నిజమే అనుకోండి). ఇంకో వర్గం మాత్రం మగ హార్మోన్‌ని అనుమానించింది. ఆ అనుమానం ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల చుట్టూ రెండేళ్ళు తిరిగింది. ఆ కథే ఈ టపా. మనలో చాలామంది నాన్నలు, మావయ్యలు ఇప్పుడు ఆ జబ్బు వచ్చే వయసులోనే ఉన్నారు కాబట్టి మనకూ పనికొస్తుంది.

ఈ కథ 1941లో మొదలవుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో చార్లెస్ హగిన్స్ అనే సర్జన్, క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి ఒక విషయం తేల్చాడు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మేత మగ హార్మోనే. ఆ హార్మోన్‌ని తగ్గిస్తే ముదిరిన క్యాన్సర్ కూడా వెనక్కి తగ్గుతుంది. అప్పట్లో అందుకు వృషణాలు తీసేసేవారు, లేదా ఆడ హార్మోన్ ఇచ్చేవారు. 1966లో హగిన్స్‌కి నోబెల్ వచ్చింది. ఇప్పుడు నెలకో, మూడు నెలలకో, ఆరు నెలలకో ఇచ్చే ఇంజెక్షన్లతో అదే పని చేస్తున్నారు. దీన్నే హార్మోన్ థెరపీ అంటారు.

రెండో అంకం 2005లో. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుల్ చిన్నయ్యన్ బృందం ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల్లో ఒక విచిత్రమైన అతుకు కనిపెట్టింది. టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే జన్యువు ముక్క తెగి, ఈఆర్‌జీ అనే ఇంకో జన్యువుకి అంటుకుంటుంది. మొదటి జన్యువుకి స్విచ్ మగ హార్మోన్. అంటే హార్మోన్ వచ్చి స్విచ్ నొక్కినప్పుడల్లా, దానికి అతుక్కున్న రెండో జన్యువు కూడా ఆన్ అయిపోతుంది. మన భాషలో చెప్పాలంటే, ఎవరో వేరే మాడ్యూల్‌లోని ట్రిగ్గర్‌ని తెచ్చి ఇక్కడ కాపీ పేస్ట్ చేశారన్నమాట! పాశ్చాత్య దేశాల రోగుల్లో దాదాపు సగం మంది కణితుల్లో ఈ అతుకు ఉంటుంది.

పదిహేనేళ్ళు ఈ పేరు ప్రోస్టేట్ డాక్టర్లకి, పరిశోధకులకి తప్ప ఎవరికీ పట్టలేదు. 2020 మార్చిలో జర్మనీ నుంచి ఒక పేపర్ వచ్చింది. కరోనా వైరస్ మన కణంలోకి దూరాలంటే రెండు కావాలి. ఏసీఈ2 అనే గుమ్మం ఒకటి. వైరస్ కొమ్ముని సరైన చోట కత్తిరించి తలుపు తీసిపెట్టే ఎంజైమ్ ఇంకొకటి. ఆ ఎంజైమ్ పేరు చూసి ప్రోస్టేట్ డాక్టర్లు కుర్చీల్లోంచి లేచారు. మళ్ళీ అదే టీఎంపీఆర్ఎస్ఎస్2!

ఇక లాజిక్ దానంతటదే నడిచిపోయింది. ఎంజైమ్‌కి స్విచ్ మగ హార్మోన్. మగవాళ్ళలో హార్మోన్ ఎక్కువ, కాబట్టి వైరస్‌కి తలుపు బార్లా తెరిచి ఉంటుంది. మరి హార్మోన్ థెరపీలో ఉన్న ప్రోస్టేట్ రోగులకి ఆ తలుపు మూసుకుని ఉండాలి కదా?

అదే ఏడాది మే నెలలో ఇటలీలోని వెనెటో ప్రాంతం నుంచి లెక్కలు వచ్చాయి. అక్కడ హార్మోన్ థెరపీలో ఉన్న ప్రోస్టేట్ రోగులు 5,273 మంది, వాళ్ళలో కరోనా సోకింది నలుగురికి. థెరపీ లేని ప్రోస్టేట్ రోగులు 37,161 మంది, వాళ్ళలో సోకింది 114 మందికి. అంటే నాలుగో వంతు రిస్క్. ప్రపంచమంతా పత్రికలు ఎత్తుకున్నాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ మొత్తం వాదన నలుగురి మీద నిలబడింది. ఇంకో పదిమందికి సోకి ఉంటే తేడా దాదాపు మాయమయ్యేది. పైగా హార్మోన్ ఇంజెక్షన్ తీసుకునేది చాలావరకు పెద్ద వయసువాళ్ళు, జబ్బు ముదిరినవాళ్ళు. లాక్‌డౌన్‌లో ఇంట్లోవాళ్ళు వాళ్ళని గడప దాటనిచ్చి ఉంటారా? వైరస్ ఎదురుపడకపోవడం వేరు, ఎదురుపడ్డా లోపలికి రాలేకపోవడం వేరు. లాగ్‌లో ఎర్రర్ లేదంటే కోడ్ బాగున్నట్టా, ఆ ఫంక్షన్‌ని ఎవరూ పిలవనట్టా? ఆ పేపర్ రాసినవాళ్ళూ దీన్ని ఇంకా పరీక్షించాల్సిన ఊహగానే చెప్పారు.

పరీక్షించారు కూడా. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో హిచ్ అనే ట్రయల్ పెట్టారు. కరోనాతో చేరిన 96 మంది మగవాళ్ళని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, 62 మందికి డెగరెలిక్స్ అనే హార్మోన్ తగ్గించే ఇంజెక్షన్, 34 మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. పదిహేనో రోజుకి చనిపోయిన, ఇంకా ఆసుపత్రిలోనే ఉన్న, లేదా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళు మొదటి గుంపులో 30.6 శాతం, రెండో గుంపులో 29.4 శాతం. ఉపయోగం లేదని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. స్వీడన్‌లో ఎంజాలుటమైడ్ అనే ప్రోస్టేట్ మందుతో చేసిన ట్రయల్ ఇంకా చిత్రం. 42 మందితోనే ఆగిపోయింది, మందు తీసుకున్నవాళ్ళే ఆసుపత్రిలో ఎక్కువ రోజులున్నారు. అమెరికా క్యాన్సర్ కేంద్రాల రిజిస్ట్రీ 2021లో చూస్తే, కరోనా సోకిన ప్రోస్టేట్ రోగుల్లో హార్మోన్ థెరపీ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ నెల రోజుల్లో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బ్రెజిల్‌లో ప్రోక్సాలుటమైడ్ అనే ఇదే జాతి మందు అద్భుతాలు చేసిందని 2021లో వచ్చిన పేపర్‌ని 2022లో పత్రికే వెనక్కి తీసుకుంది.

మరి అంత అందమైన లాజిక్ ఎక్కడ తప్పింది? ప్రోస్టేట్‌లో ఆ స్విచ్ నడిచినట్టు ఊపిరితిత్తుల్లో కూడా నడుస్తుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే కొన్ని ల్యాబుల్లో నడిచింది, కొన్నిట్లో నడవలేదు. ఒకే కోడ్ రెండు సర్వర్లలో రెండు రకాలుగా నడవడం మనకేమీ కొత్త కాదు కదా. పైగా ఆసుపత్రిలో చేరే నాటికి వైరస్ లోపలికొచ్చి చాలా రోజులైపోయి ఉంటుంది. దొంగ ఇంట్లో దూరాక తాళం వేసినట్టు! 2021 చివర్లో వచ్చిన ఒమిక్రాన్ అయితే ఈ ఎంజైమ్ మీద పెద్దగా ఆధారపడకుండా వేరే దారిన దూరడం నేర్చుకుంది.

ఈలోగా ప్రోస్టేట్ రోగులకి అసలు నష్టం ఇంకో వైపు నుంచి జరిగింది. స్వీడన్‌లో 2020 మార్చి నుంచి జూన్ దాకా కొత్తగా నమోదైన ప్రోస్టేట్ క్యాన్సర్లు మామూలు కంటే 36 శాతం తగ్గాయి. జబ్బు తగ్గి కాదు, వెతికేవాడు లేక. అందరం హార్మోన్ల గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, ఆ పట్టుబడని కేసులు నిశ్శబ్దంగా ఎక్కడో పెరుగుతూ ఉండి ఉంటాయి. అన్నట్టు ఆ రోజుల్లో డాక్టర్లు చేసిన ఒక చిన్న తెలివైన పని ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. నెల ఇంజెక్షన్ బదులు మూడు నెలలదో, ఆరు నెలలదో ఇచ్చి ముసలాయన్ని ఆసుపత్రి మెట్లెక్కకుండా చూడటం. నాకు తెలిసి ఈ కథలో రోగికి నేరుగా పనికొచ్చిన ఐడియా అదొక్కటే.

ఇప్పటికి తేలిందేమిటంటే, హార్మోన్ ఇంజెక్షన్ కరోనాకి కవచం కాదు. అలాగని దానివల్ల కరోనా ముదురుతుందని భయపడి ఆపేయడానికీ ఆధారం లేదు. వయసు, షుగరు, గుండె జబ్బు, ఒంట్లో పాకిన క్యాన్సర్, ఇవే రిస్క్‌ని పెంచేవి. ఎవరైనా పెద్దాయన "ఇంజెక్షన్ మానెయ్యనా?" అనడిగితే, ఫార్వర్డు చూసి కాదు, డాక్టర్ని అడిగి చెప్పండి. పీఎస్‌ఏ పరీక్ష వాయిదా పడి ఉంటే అది కూడా అదే రోజు అడిగెయ్యండి.