పది పది గదిలో పాట

1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ ‘జనగణమన’ పాడి వినిపించారు. ఆ ఊళ్లోనే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరలిపి కట్టారు. స్వరాలు, వాటి నిడివి కాగితం మీదికి ఎక్కాయి. ఆయన పాడిన గది మాత్రం ఎక్కలేదు. ఆ గోడలు కవి గొంతుకు ఏం కలిపాయో, ఏం మింగేశాయో ఏ లిపికీ అందదు. ఇంట్లో మంచి స్టీరియో పెట్టుకున్నా పాట ఎందుకో కుదరడం లేదని మథనపడేవాళ్లను వేధించేది ఈ రాతకెక్కని భాగమే.

దాన్ని మొదట లెక్కకు తెచ్చినవాడు అమెరికాలోని వాలెస్ సబీన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కొత్త ఉపన్యాసశాలలో మాట మీద మాట పడి ఎవరికీ ఏమీ అర్థం కాకపోతే, బాగుచేసే పని ఈ యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు దగ్గర్లోని నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఆర్గాన్ గొట్టం మోగించి, మోత చల్లారడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. ఖాళీ గదిలో దాదాపు 5.5 సెకన్లు. మెత్తలు పెరిగేకొద్దీ అది తగ్గుతూ వచ్చింది. గది ఎంత పెద్దదో, అందులోని వస్తువులు శబ్దాన్ని ఎంత పీల్చుకుంటాయో తెలిస్తే మోత ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సూత్రం అలా పుట్టింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఆ లెక్కతోనే కట్టారు.

మన వైపు ఆ సూత్రం తెలియకపోయినా ఇళ్లు దానికి అనుకూలంగానే ఉండేవి. మదనపల్లె, పుంగనూరు పల్లెల్లోని మట్టి మిద్దెలు తలుచుకోండి. మందపాటి మట్టి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద మన్ను. గోడల్లో గూళ్లు, మూలన వేరుశనగ గోతాలు, దండెం మీద కంబళ్లు, బొంతలు. శబ్దం వాటిలో ఇంకిపోయేది, మిగిలింది చెల్లాచెదురయ్యేది. ఆ ఇంట్లో వాల్వు రేడియో పెడితే ఘంటసాల గొంతు తేటగా వినబడేది. ఆ తేటదనంలో సగం రేడియోది కాదు, మిద్దెది.

క్యాసెట్ల కాలంలో కొరత వేరుగా ఉండేది. చిన్న స్పీకరుకు బేస్ చాలదు. దానికి మనవాళ్లు కనిపెట్టిన మందు మట్టికుండ. కుండ మూతి మీద స్పీకరు బోర్లిస్తే పాట గుమ్మనేది. లోపలి గాలి తనకు నచ్చిన ఒక్క స్వరానికి ఊగి, దాన్ని పెంచి పంపుతుంది. ఇది చదువుకున్నవాళ్లు నవ్వాల్సిన విషయం కాదు. చేతిలో ఉన్న వస్తువుతో శబ్దాన్ని దిద్దుకోవాలన్న ఆరాటం అందులో ఉంది. చిక్కల్లా పాటలో ఏ స్వరం వచ్చినా కుండ తన స్వరమే పలకడం.

ఆ తర్వాత సిమెంటు స్లాబులు వచ్చాయి, గదే కుండ అయింది.

మన ఊళ్లలో మామూలు గది కొలత పది పది. అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. స్లాబు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. శబ్దానికి ఇంతకంటే చెడ్డ ఆకారం లేదు. ఎదురెదురు గోడల మధ్య పదడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర అల నిలిచిపోతుంది. మూడు దిక్కులా ఒకే కొలత కాబట్టి మూడూ ఒకే చోట పోగుపడతాయి. బేస్ గిటార్ ‘ఎ’ తీగ పలికేది 55 హెర్ట్జ్. ఇళయరాజా పాటల్లో ఆ గిటార్ నడకే ప్రాణం. గోడకు ఆనుకుని వింటే ఆ ఒక్క స్వరం గుమ్మంటుంది, గది నట్టనడుమ కూర్చుంటే మాయమవుతుంది. కుప్పం వైపు నల్లరాతి క్వారీలున్నాయి, నున్నటి గ్రానైటు పరిచిన ఇళ్లకు కొదవ లేదు. గోడలూ నేలా స్లాబూ నూటికి మూడు వంతుల శబ్దాన్నే పీల్చుకుంటాయనుకుంటే, సబీన్ లెక్కన ఖాళీ పది పది గదిలో మోత 2.7 సెకన్లు నిలుస్తుంది. అందులో పాట పెట్టడమంటే బావిలో పాడటమే.

గది ఇలా పెంచే స్వరాలను విద్యుత్తుతో దిద్దే ప్రయత్నం సభామందిరాల్లో మొదలైంది. 1960ల్లో టెక్సాస్‌లో సి.పి. బోనర్ గది ఏ స్వరాల దగ్గర కూతపెడుతుందో వెతికి, వాటిని మాత్రమే సన్నటి ఫిల్టర్లతో కోశాడు. ఇళ్లలోకి దిగేసరికి ఆ పదును పోయింది. స్టీరియో డెక్కుల మీద మెరిసిన గ్రాఫిక్ ఈక్వలైజర్‌కు సాధారణంగా పది మీటలు. 62 హెర్ట్జ్ మీట కిందికి లాగితే 56తో పాటు 73 దగ్గరున్న ‘డి’ తీగ కూడా సన్నబడుతుంది. ఒక్క కలుపు మొక్క కోసం మడి మొత్తం దున్నినట్టు.

1982లో సీడీ రావడంతో పాట అంకెలైంది. అంకెలను లెక్కతో మార్చవచ్చు, కానీ ఆ లెక్క చిన్నది కాదు. గదిని దిద్దే 65,536 మెట్ల ఫిల్టర్‌ను సెకనుకు 44,100 నమూనాల పాట మీద నేరుగా నడిపితే ఒక్కో చానెల్‌కు సెకనుకు 289 కోట్ల గుణకారాలు. కూలీ, ట్యూకీ 1965లో ప్రచురించిన వేగవంతమైన ఫోరియర్ పద్ధతి ఆ భారాన్ని దించింది. కింది స్వరం నుంచి పై స్వరం దాకా జారే కూతతో గదిని కొలిచే పద్ధతిని 2000లో ఇటలీకి చెందిన ఆంజెలో ఫరీనా మెరుగుపరిచాడు. గది శబ్దాన్ని దిద్దే సంస్థలు స్వీడన్‌లో 2001లో డిరాక్, అమెరికాలో 2002లో ఆడిసీ మొదలయ్యాయి. ఇటలీవాడే అయిన డెనిస్ స్బ్రాజియోన్ గదికి తగ్గ ఫిల్టర్ తయారుచేసే తన డీఆర్‌సీ ప్రోగ్రామును ఉచితంగా ఇచ్చాడు. 2012లో అరచేతిలో పట్టే కంప్యూటర్ రాస్‌ప్‌బెర్రీ పై వచ్చాక ఇదంతా మధ్యతరగతి ఇంటికి అందింది.

పని సులువే. వినేచోట చెవి ఎత్తున కొలత మైకు నిలబెట్టి, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత ప్రోగ్రాముతో కూత పెట్టి గది జవాబు రాబట్టాలి. దాన్నిబట్టి ఫిల్టర్ తయారుచేసి, పాటకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఆ చిన్న కంప్యూటర్‌ను కూర్చోబెట్టాలి. అయితే గ్రాఫులో గుట్టలు కోయండి, గుంతలు పూడ్చకండి. 10 డెసిబెల్ పెంచాలంటే ఆంప్లిఫయర్ పదింతల శక్తి పెట్టాలి, అంత పెట్టినా తిరిగొచ్చిన అల దాన్ని మళ్లీ మింగేస్తుంది. దిద్దుబాటు 300 హెర్ట్జ్ లోపే ఆపడం మంచిదని నా అభిప్రాయం. ఆపైన తల కాస్త కదిపినా గ్రాఫు మారిపోతుంది.

సిమెంటు గోడల గణగణను మాత్రం ఏ ఫిల్టరూ ఆర్పదు. దానికి మైకు తీయకముందే గోడకు ఒక బొంత వేలాడదీయాలి, నేలమీద జంపఖానా పరచాలి, మూలల్లో బూరుగు దూది పరుపులు చుట్టి నిలబెట్టాలి. ఆ తర్వాతే కొలత. ఎండాకాలం రాత్రి పడుకోవడానికి ఆ పరుపులు మిద్దె మీదికి వెళ్లిపోతే, మైకు తెచ్చి మళ్లీ కొలవాలి.